చిన్న కాలేజీలో బీఈడీ చేస్తే మంచి సోషల్ టీచర్ కాగలమా?

చిన్న కాలేజీలో సోషల్ మెథడాలజీ (సోషల్ ఎలా బోధించాలో నేర్పే సబ్జెక్టు) సీటు వచ్చింది, చేరిపోవాలా, పెద్ద కాలేజీ కోసం ఇంకో ఏడాది ఆగాలా అని అడిగారు. చేరిపోండి. నేను చదివింది అలాంటి కాలేజీలోనే. మా సోషల్ బ్యాచ్‌లో పదకొండు మందిమే. లైబ్రరీ అంటే రెండు బీరువాలు. ఉన్న ఒక్క గ్లోబుకి స్క్రూ ఊడిపోయి, స్టాండు మీద నిలిచేదే కాదు. పెద్ద కాలేజీలో సీటొచ్చిన నా స్నేహితురాలు ఫోన్‌లో అక్కడి సంగతులు చెబుతుంటే నాకు ఏడుపొచ్చేది. కానీ పదకొండు మందిలో ఎవరూ దాక్కోలేరు. నన్ను టీచర్‌ని చేసింది అదే.

డిగ్రీలో నాది హిస్టరీ. జాగ్రఫీని స్కూల్లోనే వదిలేశాను. సోషల్ టీచర్ అంటే హిస్టరీ, జాగ్రఫీ, సివిక్స్, ఎకనామిక్స్ నాలుగూ చెప్పాలన్న సంగతి తెలుసు కానీ, పుస్తకం చూసి లాగించేయొచ్చనుకున్నాను. టీచింగ్ ప్రాక్టీస్‌లో ఎనిమిదో తరగతికి నాకు రుతువుల పాఠం పడింది. అర్ధరాత్రి దాకా కూర్చుని చార్టు గీశాను. మధ్యలో సూర్యుడు, చుట్టూ కోడిగుడ్డులా సాగదీసిన కక్ష్య. ఆ బొమ్మే నన్ను ముంచింది. బొమ్మలో ఒకచోట భూమి సూర్యుడికి బాగా దగ్గరగా, ఇంకోచోట బాగా దూరంగా కనిపిస్తుంది కదా. "దగ్గరగా వచ్చినప్పుడు వేసవి, దూరంగా పోయినప్పుడు చలికాలం" అని ధీమాగా చెప్పేశాను. పిల్లలందరూ తలలు వంచుకుని బుద్ధిగా రాసుకున్నారు.

వెనక బెంచీలో మా మెథడాలజీ సార్ కూర్చుని ఉన్నారు. పిల్లల ముందు ఒక్క మాట అనలేదు. సాయంత్రం కాలేజీలో పిలిచి, "ఏమ్మా, ఉత్తరార్ధగోళంలో ఎండలు మండే రోజుల్లో ఆస్ట్రేలియాలో చలి ఎందుకుంటుంది? భూమిలో సగం దగ్గరకొచ్చి సగం దూరం పోయిందా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

కిటికీలు మూయించి, బల్ల మీద బల్బు వెలిగించారు. ఆ ఊడిపోయిన గ్లోబుని చేత్తోనే కాస్త వాల్చి పట్టుకుని బల్ల చుట్టూ నడిచారు. ఎక్కడ నిలబడినా గ్లోబు పైకొస తలుపు వైపే చూస్తోంది. ఒక పక్క నిలబడితే పై సగం వెలుతురులోకి వాలింది. బల్లకి అటు పక్కకి వెళితే కింది సగం వాలింది. వాలు మార్చలేదు, మారింది ఆయన నిలబడ్డ చోటే. భూమి అక్షానికున్న 23.5 డిగ్రీల వాలు వల్లే రుతువులు మారతాయని నాకు అప్పుడు అర్థమైంది. అసలు భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జూలై మొదట్లో అది 15.2 కోట్లు. అంటే దగ్గరగా ఉన్నప్పుడే ఉత్తరార్ధగోళంలో చలికాలం! ఆ కక్ష్య కూడా దాదాపు గుండ్రమే, నేను గీసిన కోడిగుడ్డు కాదు.

"రేపు నువ్వే వెళ్లి ఆ పిల్లలకి సరిచెయ్యి" అన్నారు. తన నోట్‌బుక్ తిప్పి ఇంకోటి కూడా చూపించారు. క్లాసులో నేను తొమ్మిది ప్రశ్నలు అడిగానట. ఏడింటికి నేనే జవాబు చెప్పేశానట. ఒక్కోదానికీ పెన్సిల్‌తో గీత పెట్టుకున్నారు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు క్లాసుల్ని టేపుల్లో రికార్డు చేసి విన్నారని, ప్రశ్న అడిగాక టీచర్లు సుమారు ఒక సెకను కూడా ఆగడం లేదని 1970లలోనే రాశారని తర్వాత చదివాను. కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారు.

మర్నాడు వెళ్లి "నిన్న నేను తప్పు చెప్పాను" అన్నాను. క్లాసంతా నిశ్శబ్దం. ముందు బెంచీ అమ్మాయి స్కేలు పెట్టి ఆ వాక్యాన్ని నీటుగా కొట్టేసింది. పాఠం మళ్లీ చెప్పి, ప్రశ్న అడిగి, మనసులో మూడు లెక్కపెట్టుకున్నాను. ఒక అబ్బాయి లేచి, "టీచర్, జనవరిలో దగ్గరగా ఉంటే అప్పుడు వేసవి వచ్చే ఆస్ట్రేలియా వైపు మనకంటే ఎక్కువ మండిపోవాలి కదా?" అన్నాడు. నాకు తెలియదు. రేపు చెబుతానన్నాను. జనవరిలో భూమికి అందే ఎండ జూలై కంటే సుమారు ఏడు శాతం ఎక్కువే కానీ, దక్షిణార్ధగోళంలో సముద్రమే ఎక్కువ, నీళ్లు నేలలా తొందరగా వేడెక్కవు. ఇది వెతికి పట్టుకోడానికి ఆ రెండు బీరువాలే సరిపోయాయి.

మైక్రో టీచింగ్ సంగతి కూడా చెప్పాలి. 1963 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్‌లో డ్వైట్ అలెన్ బృందం తయారుచేసిన పద్ధతి అది. కొద్దిమంది ముందు ఐదు పది నిమిషాలు ఒక్క నైపుణ్యంతో పాఠం చెప్పడం, లోపాలు విని అదే పాఠం మళ్లీ చెప్పడం. ఆ 'మళ్లీ'లోనే ఉంది ప్రాణమంతా. నా స్నేహితురాలి కాలేజీలో రెండోసారి చెప్పడమన్నది రికార్డులో రాతకే పరిమితం. వందమందికి సార్ ఒక్కరే అయితే ఇంకేం జరుగుతుంది? పెద్ద కాలేజీలన్నింటి సంగతీ ఇంతేనని నా నమ్మకం.

రికార్డులంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సీనియర్ల లెసన్ ప్లాన్లు రాత్రంతా కూర్చుని దించడం, రంగురంగుల చార్టులకి మార్కులు వేయడం. నా కోడిగుడ్డు చార్టుకీ మంచి మార్కులే పడ్డాయి! ఇక స్కూళ్లలో అయితే, ఎవరికి పీరియడ్ ఖాళీగా ఉంటే వాళ్ల చేతిలో సోషల్ పుస్తకం పెడతారు. బట్టీ సబ్జెక్టేగా, ఎవరైనా చెప్పేస్తారంటారు. లెక్కల క్లాసుకి అలా ఎవర్నైనా పంపుతారా? రుతువులు ఎందుకు మారతాయో తప్పు చెబితే అదే తప్పుని పిల్లలు పెద్దయ్యాక కూడా మోస్తారు. నేనూ అలా మోసుకొచ్చినదాన్నే.

మీరు చేరేముందు ఆ కాలేజీకి వెళ్లి బిల్డింగు చూడకండి. టీచింగ్ ప్రాక్టీస్‌లో వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు, పీరియడ్ మొత్తం కూర్చుంటారా, సంతకం పెట్టి వెళ్లిపోతారా అని సీనియర్లని అడగండి. మీదీ హిస్టరీ డిగ్రీ అయితే ఆరో తరగతి నుంచి జాగ్రఫీ పుస్తకాలు ఇప్పుడే ముందేసుకోండి. అక్షాంశాలు, కాలమండలాలు, రుతువులు, ఈ మూడూ చేత్తో గ్లోబు పట్టుకుని ఇంట్లో ఎవరికైనా చెప్పి చూడండి.