తేజేకు పరిచర్యకు వెళ్తున్న మా మేనకోడలికి

సికింద్రాబాద్

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో నీ మేనత్త శుభములు చెప్పి రాయునది. ఫ్రాన్సులోని తేజే అనే పల్లెలో కలిసి బతుకుతున్న క్రైస్తవ సహోదరుల సహవాసం నుండి నీకు ఆహ్వాన పత్రం వచ్చిందనీ, మే నుండి మూడు నెలల పాటు అక్కడ వాలంటీరుగా ఉండబోతున్నావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. పెట్టెలో ఏమేమి సర్దుకోవాలో చెప్పమని అడిగావు. అది చివర్లో రాస్తాను. 1987 వేసవి నేను అక్కడే గడిపాను కాబట్టి, నాకు అప్పుడు ఎవరూ చెప్పని సంగతులు ముందుగా నీకు చెప్పాలని ఉంది.

1985 చివర్లో మద్రాసులో తేజే సహోదరులు జరిపిన యువజన కూడికకు మా సంఘం నుండి కొందరం రైలెక్కి వెళ్లాం. మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) 1947 సెప్టెంబరు 27న పుట్టింది ఆ ఊరిలోనే కదా, వేర్వేరు మిషన్ల వాళ్లు ఒక్కటైన ఆ ఊరిలోనే నేను మొదటిసారి కథోలికుల పక్కన కూర్చుని ప్రార్థన చేశాను. తేజే మొదలైన తీరు కూడా అలాంటిదే. 1940 ఆగస్టులో స్విట్జర్లాండు నుండి వచ్చిన బ్రదర్ రోజర్ ఆ పల్లెలో ఒక ఇల్లు కొని, యుద్ధంలో పారిపోయి వచ్చిన వారికి, వారిలో యూదులకు కూడా, ఆశ్రయమిచ్చారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు. 1949 ఈస్టరు నాడు ఏడుగురు సహోదరులు జీవితాంతం కలిసి ఉంటామని ప్రమాణం చేశారు. ప్రొటెస్టంట్లతో మొదలైన ఆ సహవాసంలో తరువాత కథోలికులూ చేరారు. సహోదరులు తమ కోసం కానుకలు తీసుకోరు, మట్టిపాత్రలు చేయడం వంటి తమ సొంత పనితోనే బతుకుతారు. నీకు కూడా భోజనం, పడక దొరుకుతాయి గానీ జీతం ఉండదు. బంధువులు ఎవరైనా "అమ్మాయికి ఫారిన్‌లో ఉద్యోగం వచ్చింది" అంటే అక్కడికక్కడే సరిదిద్దు. వీసా దరఖాస్తులో కూడా ఉన్నది ఉన్నట్టు రాయి. కొద్దికాలం ఉండడానికిచ్చే షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు, కాబట్టి తిరుగు టిక్కెట్టు తేదీ ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకో.

రోజుకు మూడుసార్లు గంటలు మోగుతాయి. గంట మోగగానే చేతిలో పని ఎంతవరకు వచ్చినా ఆపి, అందరూ గుడికి నడుస్తారు. ఆ గుడిలో బెంచీలు ఉండవు, దాదాపు అందరూ నేల మీదే కూర్చుంటారు. పల్లెల్లో చాపల మీద కూర్చుని ఆరాధించిన మనకు అందులో వింత లేదు. మనకు కష్టమయ్యేది మౌనం. పాటల మధ్యలో కొన్ని నిమిషాల పాటు వేలమంది ఏ చప్పుడూ లేకుండా కూర్చుంటారు. మైకు, కీబోర్డు, గట్టిగా ప్రార్థించే పెద్దలు, వీటి మధ్య పెరిగిన నాకు మొదటి వారం ఆ నిశ్శబ్దంలో ఊపిరాడలేదు. పెదవులు కదుపుతూ లోలోపల వచనాలు వల్లించుకునేదాన్ని. రెండో వారం దాటాక వల్లించడం మానేశాను. నువ్వు కూడా ఆ కొద్ది నిమిషాలను ఏదో ఒకటి చెప్పి నింపాలని తొందరపడకు.

ఇక పని. అక్కడ ఒక ట్రే, పిడి లేని ఒక గిన్నె, ఒక చెంచా, ఇంతే భోజనపు సామాను. ఉదయం ఆ గిన్నెలోనే టీ తాగుతారు. వేసవిలో వేలల్లో వచ్చే యువతకు అవన్నీ కడగాలి, మరుగుదొడ్లు శుభ్రం చేయాలి, బస చూపించాలి. వచ్చిన అతిథులు కూడా ఈ పనుల్లో చెయ్యి వేస్తారు, వారిని కలుపుకుని పని నడిపించే బాధ్యత వాలంటీరుది. పాలు అడుగంటిన పెద్ద పాత్రలో నడుము వరకు వంగి, లోపలి మాడు గీకడం నా వంతుగా ఉండేది. ప్రార్థనలో కన్నీళ్లు పెట్టుకుని, పాత్రలు కడిగే వేళకు కనబడకుండా పోయేవారు ఉంటారు; పని సాకుతో ప్రార్థన తప్పించుకునేవారూ ఉంటారు. నేను ఈ రెండో రకంలో పడబోయాను. పని చేస్తున్నాం కదా అన్న ధైర్యం మనిషిని తేలికగా మోసం చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడం నేర్పుతారు, అది మంచిదే. మూడో వారంలో నాతో పాటు గిన్నెలు తుడుస్తున్న ఒక జర్మన్ అమ్మాయి, వాళ్ల నాయనమ్మ చనిపోయిన తరువాత తాను ప్రార్థించడం మానేశానని చెప్పింది. నేను చేతులు కూడా తుడుచుకోకుండా, వచ్చీరాని ఇంగ్లీషులో వచనం మీద వచనం చెప్పుకుంటూ పోయాను. ఆమె మర్యాదగా విని, తుడిచే గుడ్డను నాలుగు మడతలు పెట్టి అంచున ఉంచి, వెళ్లిపోయింది. మరునాడు వేరే జట్టులోకి మారింది. ఆ వారం చివర్లో రాత్రి ప్రార్థన ముగిసి చాలామంది వెళ్లిపోయాక, ఇంకా పాడుతున్న కొద్దిమంది మధ్య ఆమె ఒక్కతే కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లి క్షమించమని అడగాలనిపించినా, ఆ సమయాన్ని కూడా పాడు చేస్తానేమోనని వెనక్కి వచ్చేశాను. ఆదివారం ఆమె వెళ్లిపోయింది. అక్కడికి నమ్మేవారూ, నమ్మలేనివారూ, ఏమీ తేల్చుకోలేనివారూ వస్తారు. వారిని మార్చే పని నీకెవరూ అప్పగించలేదు. వారి నాయనమ్మ పేరేమిటో అడుగు, ఆమె ఎలా ఉండేదో చెప్పనివ్వు, గిన్నెలు తుడుస్తూ విను.

ప్రభు బల్ల, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే విషయంలో కూడా నీకు గుండె కలుక్కుమనవచ్చు. కథోలిక బల్లలో పాలు పొందనివారి కోసం అక్కడ ఆశీర్వదించిన రొట్టెను వేరే బుట్టల్లో పంచుతారు. మన వీధిలోనే నాలుగు సంఘాలుండి, పెళ్లి ఏ గుడిలో జరగాలన్న దగ్గర అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన కుటుంబాలు నీకు తెలుసు. ఆ రొట్టె ముక్క చేతిలోకి తీసుకున్నప్పుడు ఎవరిది తప్పని వాదించుకోకు. అది బాధగా ఉంటే బాధగానే ఉండనివ్వు.

వాలంటీరును అలసగొట్టేది పని కంటే వీడ్కోళ్లే. ఆదివారం ఒక గుంపు వెళ్తుంది, అదే రోజు మరొక గుంపు వస్తుంది. నాలుగైదు వారాలు గడిచేసరికి, ఎలాగూ పోయేవాళ్లే కదా అని కొత్తవారి పేర్లు అడగబుద్ధి కాదు. ఆ సమయం వచ్చిందని గమనించగానే, సంత్ ఆండ్రే అనే కథోలిక సభ సిస్టర్లలో నీ బాగోగులు చూసే ఆమెకు చెప్పు. 1966 నుండి వారు పక్క ఊరిలో ఉంటూ అతిథులను చూసుకుంటున్నారు, అలసటను తప్పుగా చూడరు. "బాగానే ఉన్నాను సిస్టర్" అని నవ్వి తప్పించుకోవడం మన ఇళ్లలో ఆడపిల్లలకు బాగా అలవాటు, అక్కడ ఆ అలవాటు వద్దు.

పెట్టె సంగతి. మేలో కూడా అక్కడ రాత్రుళ్లు మన డిసెంబరు కంటే చల్లగా ఉండవచ్చు. స్వెటరు, వానకోటు, తడిస్తే త్వరగా ఆరే బట్టలు, బురదలో నడవగల బూట్లు పెట్టుకో. ఒక పట్టుచీర చాలు, అది కూడా అమ్మ మాట కోసం. నా పాత ఉన్ని శాలువా ఎండలో వేసి ఉంచాను, ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి తీసుకుపో. భోజనం ఇక్కడే చేద్దువుగాని.

ఇట్లు,
నీ మేనత్త