కొత్త కన్సోల్ కొనాలా? ముందు రెండో కంట్రోలర్ ఎవరిదో తేల్చుకో

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఆగస్టు చివర్లో ఎంఎస్ చదవడానికి న్యూజెర్సీ వెళ్తున్నాను. ఇంట్లో నేనూ, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా తమ్ముడూ పీఎస్4 (సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 4 అనే గేమ్ కన్సోల్) మీద ఆడుకుంటాం. దాన్ని వెంట తీసుకెళ్లనా, లేక అక్కడ దాని తరువాతిదైన పీఎస్5 గానీ నింటెండో వాళ్ల స్విచ్ 2 గానీ కొనుక్కోనా? చదువుకునేవాడికి అంత ఖర్చు దండగ అని నాన్న అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: బాబూ, పీఎస్4ను తమ్ముడికే వదిలిపెట్టి వెళ్లు. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను. ఇక కొత్తది కొనడం దండగా కాదా అంటే, ధర చూసి చెప్పే జవాబు నా దగ్గర లేదు. దాని రెండో కంట్రోలర్ ఎవరి చేతిలో ఉంటుందో నువ్వు చెప్పగలిగితే, కొనాలో వద్దో నేను చెప్పగలను.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను, అవి నువ్వే చూసుకోగలిగిన లెక్కలు. స్విచ్ 2 అమెరికాలో 2025 జూన్ 5న 449.99 డాలర్లకు వచ్చింది. 2020లో 499.99 ఉన్న పీఎస్5ను 2025 ఆగస్టులో 549.99కి పెంచారు. డిస్కు పెట్టే వీలు లేని రకం 499.99 అయింది. పైన న్యూజెర్సీ అమ్మకం పన్ను 6.625 శాతం. మా రోజుల్లో ఓపిక పడితే ధర దిగేది. 2000లో 299 డాలర్లున్న పీఎస్2, 2006 కల్లా 129కి వచ్చేసింది. ఇప్పుడు పాతబడే కొద్దీ పెరుగుతోంది. కొనే ముందు ఆ రోజు ధర ఎంతో ఒకసారి చూసుకో, అంతే.

నేను అక్కయ్యపాలెంలో పెరిగినవాణ్ణి. ద్వారకానగర్‌లో గంటకింత అని ఇచ్చి వీడియో గేములు ఆడుకునే కాలం మాది. ఒకడు ఆడుతుంటే నలుగురు వెనక నిలబడి సలహాలిచ్చేవాళ్లు, ఓడినవాడు మురీ మిక్చర్ కొనిపెట్టాలి. ఆట అంటే నాకు తెలిసింది అదే. 2006 చివర్లో న్యూజెర్సీలోని ఎడిసన్ దగ్గర ఒక ఇంటి బేస్‌మెంటులో గది తీసుకుని ఉద్యోగంలో చేరాను. మొదటి జీతం రాగానే ఎక్స్‌బాక్స్ 360 అనే కన్సోల్ కొన్నాను, 399.99 డాలర్లు. ఎవరైనా వస్తే ఆడుకుందామని రెండో కంట్రోలర్ కూడా కొన్నాను. చలికాలం గడిచి మంచు కరిగేదాకా ఆ రెండోదాని ప్లాస్టిక్ కవరు విప్పలేదు. తీగకు చుట్టిన చిన్న కట్టు కూడా అలాగే ఉంది.

డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి టీవీ ముందు కూర్చుంటే సోమవారం పొద్దున్నే లేవడం. అమ్మ ఫోనులో ‘తిన్నావా’ అని అడిగితే, కళ్లు తెర మీదే ఉంచి ‘తిన్నాను’ అనేవాణ్ణి. పెళ్లిళ్లకూ పేరంటాలకూ పిలిచే తెలుగువాళ్లు రెండు వీధుల అవతలే ఉన్నారు. ఒకరిద్దరు పిలిచారు కూడా. పని ఉందని చెప్పి వెళ్లలేదు. గేము బాగుంటే మనిషి అక్కర్లేదనిపిస్తుంది, ఆ భ్రమే ప్రమాదం. మీ తరం చేతిలో ఎప్పుడూ ఫోన్ ఉంటుంది కనుక ఒంటరితనం మీ దాకా రాదనుకుంటారు. వస్తుంది. వచ్చినట్టు చప్పుడు చేయదు.

నన్ను బయటికి లాగింది కూడా ఒక గేమ్ కన్సోలే. ఆ సంక్రాంతికి ఒక తెలుగు కుటుంబం భోజనానికి పట్టుబట్టింది. వాళ్లింట్లో కొత్తగా కొన్న నింటెండో వీ (Wii) కన్సోల్ ఉంది, 249.99 డాలర్లది. నా 360 పక్కన పెడితే బొమ్మలు నాసిరకంగా ఉంటాయి. కానీ విజయనగరం నుంచి కొడుకును చూడటానికి వచ్చిన ఒక పెద్దావిడ కొంగు నడుముకు దోపి, రిమోట్ పట్టీ మణికట్టుకు బిగించి, బౌలింగ్ బంతి విసురుతున్నారు. మనవళ్లు వరసలో నిలబడి ‘మామ్మా, ఇక నా వంతు’ అని గోల. ఆ రాత్రి నా చేతికి రిమోట్ ఇచ్చిన వాళ్లు నా స్నేహితులయ్యారు. తరువాత నాకు ఇల్లు చూసిపెట్టిందీ, మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రికి అన్నం తెచ్చిందీ వాళ్లే. చెప్పేవాళ్లెవరూ లేకుండానే ఇంతవరకూ నెగ్గుకొచ్చాను. నీకు చెప్పడానికి నేనున్నాను కాబట్టి వినమంటున్నాను.

దిగగానే కొనవద్దు. నలుగురైదుగురు విద్యార్థులు కలిసి ఉండే ఇంట్లో ఎవరో ఒకరి దగ్గర కన్సోల్ ఉండే అవకాశం ఎక్కువ. నవంబరు చివర బ్లాక్ ఫ్రైడే వస్తుంది, తగ్గింపులు అప్పుడుంటాయి. ఆ మూడు నెలల్లో నీతోపాటు ఉన్నవాళ్లెవరో, ఎవరితో కలిసి కూర్చోగలవో తెలిసిపోతుంది. ఇంట్లో సరదా మనుషులుంటే స్విచ్ 2 తీసుకో. దానికి రెండు వైపులా ఉన్న కంట్రోలర్లు ఊడదీస్తే చాలా గేములను ఇద్దరు ఆడవచ్చు, దానికే తెర ఉంది కనుక టీవీ లేకపోయినా వంటగది బల్ల మీద నిలబెట్టుకోవచ్చు. పప్పు ఉడికేలోగా ఒక ఆట అయిపోతుంది.

అలాంటివాళ్లు దొరకలేదనుకో, లేదా తమ్ముడితోనే ఆడాలని ఉందనుకో, అప్పుడు పీఎస్5. పాతది అతనికి వదలమన్నది ఇందుకే. పీఎస్4కీ పీఎస్5కీ రెండింటికీ వచ్చిన గేముల్లో కొన్నింటిని అతను విశాఖలో పీఎస్4 మీద, నువ్వు న్యూజెర్సీలో పీఎస్5 మీద కలిసి ఆడవచ్చు. ఏవి కుదురుతాయో కొనే ముందే ఒక్కొక్కటీ చూసుకో. కొత్త గేముల్లో చాలావాటికి పీఎస్4 రూపమే ఉండదు. డబ్బు పెట్టి కొన్న గేమును ఆన్‌లైన్‌లో కలిసి ఆడాలంటే సాధారణంగా ఇద్దరికీ సోనీ వాళ్ల ప్లేస్టేషన్ ప్లస్ చందా ఉండాలి, ఉచిత గేములకు అక్కర్లేదు. ఇంకో మాట, విశాఖకూ న్యూజెర్సీకీ మధ్య సంకేతం వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు, లేదా అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. తుపాకులూ ముష్టియుద్ధాలూ ఉన్నవాటిలో అది విసుగు పుట్టిస్తుంది, వంతులవారీగా ఆడేవాటిలో అసలు తెలియదు.

డిస్కు పట్టే రకమే కొను. వాడిన డిస్కులు తక్కువకు దొరుకుతాయి, చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీలు గేముల డిస్కులు కూడా అరువిస్తాయి. లైబ్రరీ కార్డు కోసం వెళ్లినా నలుగురి ముఖాలు చూస్తావు, అదీ నాకు కావాలి. నీ ఖాతా ఇండియాలో తెరిచినది కదా, దాని దేశం మార్చడానికి వీలుండదు. అందులో ఇప్పటికే కొన్నవి దాదాపు అన్నీ అక్కడి పీఎస్5 మీద ఆడతాయి. అమెరికా కార్డుతో కొనడానికి అదే పెట్టెలో ఇంకో ఖాతా తెరుచుకో. సెలవులకు ఇంటికి తేవాలనుకుంటే వారంటీ, కస్టమ్స్ నియమాలు అధికారిక వెబ్‌సైట్లలో ఉంటాయి. వెనక చీటీ మీద 100-240 వోల్టులని రాసి ఉందో లేదో కూడా చూసి తే, మన ఇళ్లలో వచ్చేది 230.

మీ నాన్నగారికి నా మాటగా ఒకటి చెప్పు. ఒంటరిగా కూర్చోబెట్టే కన్సోల్‌ను ఎవరైనా ఉచితంగా ఇచ్చినా నేను వద్దంటాను. వారానికోసారి తమ్ముడి గొంతు వినిపించేదైతే ఆ ఖర్చు నాకు ఎక్కువనిపించదు. కానీ అప్పు చేసి కొనవద్దు, వాయిదాల్లో అసలే వద్దు.

ఆదివారం న్యూజెర్సీలో ఉదయం తొమ్మిదైతే విశాఖలో సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదట్లో అక్కడ గడియారం వెనక్కి తిప్పాక ఏడున్నర అవుతుంది. ఆ గంటను ఇప్పుడే ఖాయం చేసుకోండి. తమ్ముడికి పరీక్షలు దగ్గరపడితే అరగంటకు తగ్గించండి, ఆ సంగతి అమ్మకు ముందే చెప్పి ఉంచు.