కథ మధ్యలో పారిపోయే బాబు, వినబడని పాప: సమాధానం

మీరు కథ చెబుతుండగా చప్పట్లు మొదలవగానే ఒక బాబు చెవులు మూసుకుని పరుగెత్తుతున్నాడని, వినికిడి యంత్రం పెట్టుకున్న పాప దిక్కులు చూస్తోందని రాశారు. ఇద్దరినీ వేరే గదిలో కూర్చోబెట్టమన్న సహోద్యోగి సలహా మాత్రం వినకండి.

ముందు మీ కుర్చీ జరపండి. వెనక కిటికీ ఉంటే మీ ముఖం నల్లటి నీడలా కనిపిస్తుంది, పెదవుల కదలిక తెలియదు. వెలుతురు ముఖం మీద పడేలా, పాపకు ఒకటి రెండు మీటర్ల దూరంలో కూర్చోండి. వినికిడి యంత్రం మీ మాటతో పాటు గదిలోని గోలనూ పెంచుతుంది. నేల మీద చాప పరిస్తే చప్పుడు కొంత తగ్గుతుంది. ముందు చదవండి, ఆగి బొమ్మ చూపండి. మీ పెదవులనూ బొమ్మనూ పాప ఒకేసారి చూడలేదు కదా! నాకిది తెలియడానికి చాలా నెలలు పట్టింది.

బాబుకు తర్వాత ఏమి జరుగుతుందో ముందే తెలియాలి. కథ, పాట, ఆట, సెలవు అని నాలుగు బొమ్మల కార్డులు గోడకు అంటించి, అయిపోయినదాన్ని తీసేస్తూ ఉండండి. చప్పట్లకు బదులు అందరినీ చేతులెత్తి గాలిలో ఊపమనండి. బధిరులు మెచ్చుకోలు తెలిపేది అలాగే. ఓ నిశ్శబ్దమైన మూల కూడా ఉంచండి. అక్కడికి పంపడం శిక్ష కాకూడదు, ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు రావాలో వాడిష్టం.