పాత బట్టలతో డిజైనింగ్: కత్తెర పట్టకముందు నేర్పవలసినది

కుట్టు శిక్షణ కేంద్రంలో అమ్మాయిలకు పాత బట్టలతో కొత్త దుస్తులు రూపొందించడం నేర్పాలనుకుంటున్నానని, పాఠం ఎక్కడ మొదలుపెట్టాలని, దానికి ప్రత్యేకమైన మిషన్లు కావాలా అని మీరు అడిగారు. గోదావరి ప్రాంతంలోని ఒక చిన్న కేంద్రంలో ఆరేళ్లుగా ఈ పాఠమే చెబుతున్నాను కనుక నా అనుభవం రాస్తున్నాను. బొమ్మ గీయించడంతో కాకుండా, కుట్లు విప్పించడంతో మొదలుపెట్టండి.

తొలి ఏడాది నేను ముందుగా డిజైన్లు గీయించి, ఆ తర్వాత వాటికి సరిపోయే చీరలు వెతికించాను. ఒక విద్యార్థిని తన అమ్మగారి పెళ్లి పట్టుచీరతో చెల్లెలికి పరికిణీ కుట్టింది. చూడముచ్చటగా ఉన్న ఆ పరికిణీ కట్టుకున్న తొలి రోజే పాత మడతల వెంబడి చీలిపోయింది. ఏళ్ల తరబడి ఒకే మడతలో బీరువాలో ఉన్న పట్టు ఆ గీతల దగ్గరే బలం కోల్పోతుందని తెలిసి కూడా, బట్టను చూడకుండా బొమ్మకు సరేనన్నది నేనే. ఆ చీరను తిరిగి తెచ్చివ్వడం ఎవరి తరమూ కాదు కనుక ఆ బాధ నన్ను ఇంకా వదలలేదు.

అందుకే ఇప్పుడు మొదటి రెండు వారాలు కత్తెర బయటకు తీయనివ్వను. ప్రతి విద్యార్థినీ ఒక పాత చొక్కా తెచ్చి, కుట్లన్నీ విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి, ముక్కలను నేల మీద పరచి, అరిగిన చోటల్లా సుద్దతో గుర్తు పెడుతుంది. కాలరు, కఫులు, మోచేతుల దగ్గర బట్ట పలచబడి ఉంటుంది. వీపు ముక్క చాలాసార్లు గట్టిగానే మిగులుతుంది. కుట్టు లోపల దాగిన అంచులో అసలు రంగు బయటపడుతుంది కనుక, పైబట్ట ఎంత వెలిసిందో పిల్లలే పోల్చి చూసుకుంటారు. చంకభాగం ఎలా కలిపారో, కాలరు లోపల ఏం పెట్టారో విప్పుతున్నప్పుడు అర్థమైనంతగా నేను బోర్డు మీద గీసి ఎన్నడూ చెప్పలేకపోయాను.

బట్ట బలం చూడటం మాత్రం, మా వీధిలో పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఆమె ప్రతి చీరనూ వెలుతురుకు ఎదురుగా పట్టి, పడుగు (నిలువు పోగుల) వైపు ఒకసారి, పేక (అడ్డ పోగుల) వైపు ఒకసారి బొటనవేళ్లతో లాగి చూసేది. మా తరగతిలోనూ అదే పరీక్ష. అందులో నిలవని బట్టకు లైనింగు వేస్తాం, లేదా బొంతకు పక్కన పెడతాం.

ఆ తర్వాతే చీర. 5.5 మీటర్ల నూలు చీరలో మడమలు తగిలే కింది అంచు ముందుగా అరుగుతుంది, కొంగు చాలాకాలం నిలుస్తుంది. నేర్చుకునేవారికి నేను మంగళగిరి చీరనే ఇష్టపడతాను. సంప్రదాయంగా దాని ఒంట్లో బుటాలు నేయరు కనుక మరక పడిన మేర వదిలేసి కోసినా నమూనా తెగినట్టు కనిపించదు. నిజాం అంచు అని పిలిచే దాని జరీ అంచును విడిగా తీసి కుర్తా చేతులకు వేయవచ్చు.

ధర కట్టడం నేర్పేటప్పుడు విప్పిన సమయాన్ని తప్పనిసరిగా లెక్కలో వేయించండి. జీన్సు ప్యాంటు విప్పడానికి మా కొత్త పిల్లలకు గంటకు పైనే పడుతుంది, పాత బట్టే కదా అని కొనేవారు ఆ శ్రమను మరచిపోతారు. మిషన్ల విషయానికొస్తే, కాలితో తొక్కే మామూలు మిషను చాలు. జీన్సుకు 16 నంబరు సూది, పట్టుకు 11 నంబరు సూది వేరువేరుగా ఉంచుకోండి.