మన డీఎన్‌ఏలో పాత వైరస్‌లు

ప్రశ్న: మనిషి డీఎన్‌ఏలో ఉన్న ప్రాచీన వైరస్‌ల అవశేషాలు ఇప్పటికీ ప్రొటీన్లను తయారుచేస్తాయా?

జవాబు: చాలావరకు చేయలేవు, కొన్ని మాత్రం చేస్తూనే ఉన్నాయి. కోట్ల ఏళ్లుగా మన పూర్వీకుల అండ, శుక్రకణాల్లోకి చొరబడిన రెట్రోవైరస్‌లు తమ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి క్రోమోజోముల్లో చేర్చడంతో, ఆ ముక్కలు వారసత్వంగా వచ్చి నేడు మన జన్యురాశిలో దాదాపు 8 శాతాన్ని ఆక్రమించాయి. ఉత్పరివర్తనాల (డీఎన్‌ఏలో వచ్చే మార్పుల) వల్ల వీటిలో అధికభాగం చెడిపోయింది. అయితే 7వ క్రోమోజోముపై ఉన్న ఒక వైరస్ పైపొర జన్యువు ఇంకా పనిచేస్తోంది. అది తయారుచేసే సిన్‌సిటిన్-1 అనే ప్రొటీన్, ఒకప్పుడు వైరస్‌ను కణంలోకి చేర్చిన గుణంతోనే, గర్భంలోని మాయ (ప్లాసెంటా) కణాలను ఒకదానితో ఒకటి కలిపి, తల్లి రక్తం నుంచి పిండానికి పోషకాలు అందించే అవిచ్ఛిన్నమైన పొరగా మారుస్తుంది (శత్రువు ఆయుధమే ఇంటి పనిముట్టయిందన్నమాట). ఈ వైరస్ అవశేషాల్లోనే హెర్వ్-కె అనే మరో కుటుంబపు ప్రొటీన్లు కొన్ని క్యాన్సర్ కణాల్లో కనిపిస్తాయి గానీ, వ్యాధికి అవే కారణమనడం తొందరపాటే.