సెకండ్ హ్యాండ్ సీడీ: లేబుల్ వైపు చూశారా?

ప్రశ్న: మా నాన్నగారి పాత సీడీ ప్లేయర్ కోఠీలో బాగు చేయించాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఇంగ్లిష్ రాక్ ఆల్బమ్‌ల సీడీలు దొరుకుతున్నాయి. కింది వైపు అద్దంలా మెరిసేవే ఏరి నాలుగు కొన్నాను. ఒకదాంట్లో చివరి రెండు పాటలు జంప్ అవుతున్నాయి. మోసపోయానా?
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: మోసమేమీ లేదమ్మా, అమ్మినాయనకీ తెలిసి ఉండదు. అందరం మెరిసే వైపే తిప్పి చూస్తాం. అసలు చూడాల్సింది పేరు అచ్చువేసిన వైపు.

సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా పారదర్శకమైన ప్లాస్టిక్కే. పాట ఉండేది ఆ ప్లాస్టిక్ పై అంచున, సరిగ్గా లేబుల్ కింద. దాని మీద వెంట్రుకలో వందో వంతు కూడా లేని అల్యూమినియం పూత, ఆపైన పల్చటి వార్నిష్, రంగు. అంతే రక్షణ. కింది వైపు గీతలున్నా లేజర్ వాటిని దాటి చదువుతుంది, కిటికీ అద్దం మీద గీత ఉన్నా వీధిలో మనిషి కనిపించినట్టు. లేబుల్ మీద గోరు లోతుగా దిగితే మాత్రం పూతతో పాటు పాటా పోతుంది.

నాకు ఇది తెలిసింది మెటాలికా అనే రాక్ బ్యాండ్ సీడీ ఒకదానితో. కింద ఒక్క గీత లేదు, సంబరంగా తెచ్చుకున్నాను. ఆరో పాట దగ్గర టకటకమని ఆగిపోయింది. తీసి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పెడితే అంచు దగ్గర వెలుతురు గీతలా కారుతోంది. ఎవరో ధర స్టిక్కర్‌ని గోటితో గీకి పీకారు. ఆ గీకుడుకి పూత లేచిపోయింది. చాలా బాధేసింది.

అప్పటి నుంచి ఫోన్ టార్చ్ వెలిగించి, సీడీని అడ్డం పెట్టి చూడనిదే కొనను. ఒకటి రెండు సూదిమొన చుక్కలుంటే పరవాలేదు. గుంపుగా చుక్కలున్నా, గీతలా వెలుతురు వచ్చినా తిరిగి అక్కడే పెట్టేయండి. కొన్ని సీడీలకు పూతే పల్చగా ఉండి అంతటా సమానంగా వెలుతురు కనిపిస్తుంది, వాటికి భయపడకండి.

కింది గీతల్లోనూ తేడా ఉంది. మధ్య నుంచి అంచుకు నిలువుగా పోయేవి పెద్దగా ఏం చేయవు. గుండ్రంగా, ట్రాక్ (పాట చుట్టలుగా రాసి ఉండే దారి) వెంబడి తిరిగే గీత చెడ్డది. పోయిన ముక్కని లెక్కగట్టి పూడ్చే ఏర్పాటు సీడీలో ఉంది కానీ, ట్రాక్ వెంబడి సుమారు రెండున్నర మిల్లీమీటర్లు దాటితే అది చేతులెత్తేస్తుంది. అందుకే తుడిచేటప్పుడు కూడా మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకే తుడవాలి.

ఇంకోటి, సీడీ లోపలి నుంచి బయటికి పాడుతుంది. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల 1973 నాటి ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' దాదాపు 43 నిమిషాలే. అంచున సెంటీమీటరు మేర పాటే ఉండదు. అంచంతా గీసుకుపోయిన ఆ సీడీని అరవై రూపాయలకిచ్చారు. ఇప్పటికీ ఒక్కచోట తడబడలేదు.

మీ సీడీకి టార్చ్ పెట్టి చూడండి. వెలుతురు కారితే దానికి మందు లేదు. కారకపోతే మిగతా మూడు కూడా చివరిదాకా వినండి. అన్నింట్లోనూ చివరి పాటలే ఎగిరితే ప్లేయర్‌ని అనుమానించాలి. లెన్స్ జరిగే పట్టాల మీద గ్రీజు ఎండిపోతే అలాగే అవుతుంది. బాగుచేసినాయన దగ్గరికే తీసుకెళ్లి ఆ మాట చెప్పండి.

ప్రశ్న: డబ్బా, బుక్‌లెట్ ఒరిజినలే. సీడీ మాత్రం కింద ఆకుపచ్చగా ఉంది. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: అది కంపెనీలో అచ్చయింది కాదు, కంప్యూటర్‌లో రాసుకున్న కాపీ. ఆ రంగు అందులోని డై, అంటే రంగు పదార్థం వల్ల వస్తుంది. ఎండకి అది పాడవుతుంది, ఫుట్‌పాత్ మీద ఎన్నాళ్లు ఎండిందో చెప్పలేం. సీడీగా లెక్కగట్టకండి. బుక్‌లెట్ చినగకుండా ఉంటే మాత్రం దాని వరకు బేరమాడి తీసుకోండి. పింక్ ఫ్లాయిడ్ వాళ్లదే 'విష్ యూ వర్ హియర్' ఆల్బమ్ బుక్‌లెట్ నేనలాగే ముప్ఫై రూపాయలకు తెచ్చాను. లోపల పెట్టాల్సిన సీడీ కోసం ప్రతి ఆదివారం వెతుకుతూనే ఉన్నాను.