వారంటీ దాటాక గేమ్ కన్సోల్ పోతే కంపెనీకి బాధ్యత ఉండదా?

వారంటీ అయిన రెండు నెలలకే కన్సోల్ ఆగిపోయిందని, సర్వీస్ వాళ్లు తిరుపతి ఎండల మీదకు తప్పు నెట్టేశారని, ఇప్పుడేం చేయాలని మీరు అడిగారు. ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోకండి.

2005లో వచ్చిన మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360నే చూడండి. ముందు భాగంలో మూడు ఎర్ర లైట్లు మెరిసేవి, అంతే, ఇక ఆడదు. ఆడుతున్నప్పుడు వేడెక్కి, ఆపాక చల్లారి, ఇలా పదేపదే జరిగి చిప్ కింద సన్నటి సోల్డర్ అతుకులు చిట్లేవి. వాడినవాళ్ల తప్పు కాదది. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, తన లెక్కల్లో 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చూపించింది. అప్పటికే డబ్బు కట్టి బాగుచేయించుకున్నవాళ్లకు అదీ తిరిగిచ్చింది.

మా అక్క కొడుకు కన్సోల్ పోతే, ఇక్కడే ఒక షాపులో బోర్డును హాట్ ఎయిర్ గన్‌తో కాచి ఇచ్చారు. మూడు వారాలు ఆడింది, మళ్లీ అదే కథ. పైగా బయట విప్పించారని కంపెనీ చేతులు దులుపుకుంది. మీరు మాత్రం విప్పించకండి.

లోపం తయారీలోనే ఉందని చూపగలిగితే, వారంటీ దాటినా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పోరాడొచ్చు. కంపెనీ ఎక్కడున్నా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, కాకపోతే సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లు, ఆగిపోయినప్పటి వీడియో దాచుకోండి. 'ఎండ వల్లే' అన్న మాట కాగితం మీద రాసిమ్మని అడగండి.